ఓడ టన్నులు అంటే ఓడ బరువేనా? ఒక్క మాట వెనక ఇన్ని లెక్కలు

2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్ రేవు నుంచి కొలంబోకి బయల్దేరిన 'డాలి' అనే కంటైనర్ ఓడలో కరెంటు పోయింది. అదుపు తప్పిన ఓడ ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభాన్ని గుద్దింది. వంతెన కూలి, దాని మీద పనిచేస్తున్న ఆరుగురు కార్మికులు చనిపోయారు. ఓడ సిబ్బందిలో దాదాపు అందరూ భారతీయులే కాబట్టి మన దగ్గర కూడా ఆ వార్తను చాలామంది చదివారు. చాలా చోట్ల దాన్ని '95 వేల టన్నుల ఓడ' అని రాశారు. అదే ఓడ వివరాలు ఇంకాస్త వెతికితే 1,16,851 టన్నులు అనే ఇంకో అంకె కనిపిస్తుంది. ఇందులో ఏది నిజం?

రెండూ నిజమే. మొదటిది బరువు కానే కాదు, ఓడ లోపల ఎంత చోటుందో చెప్పే అంకె. రెండోది బరువే గానీ ఓడ బరువు కాదు, ఓడ మోయగలిగిన బరువు.

ఇలాంటి తికమక తరచూ ఎదురవుతుంది. ఐఎన్‌ఎస్ విక్రాంత్ సుమారు 45 వేల టన్నులు. 'ఐకాన్ ఆఫ్ ది సీస్' అనే విహార నౌక 2,48,663 టన్నులు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి, ఆ విహార నౌక మన విమానవాహక నౌకకి అయిదున్నర రెట్లు బరువని అనుకుంటే తప్పులో పడ్డట్టే. ఒకటి బరువు లెక్క, రెండోది చోటు లెక్క. ఓడల విషయంలో 'టన్ను' అన్న మాట కంటే, దాని పక్కన ఉండే మాటే ముఖ్యం. గ్రాస్, నెట్, డెడ్‌వెయిట్, డిస్‌ప్లేస్‌మెంట్, ఫ్రైట్: ఒక్కోటి ఒక్కో ప్రశ్నకి జవాబు. ఎవరి ప్రశ్న ఏమిటో తెలిస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

మొదట అది ద్రాక్షసారా పీపా

మధ్యయుగంలో ఇంగ్లండుకి ద్రాక్షసారా ఎక్కువగా ఫ్రాన్సులోని బోర్డో నుంచి వచ్చేది. 1152లో, బోర్డో ఉన్న అక్విటేన్ ప్రాంతానికి వారసురాలైన ఎలియనోర్, తర్వాత ఇంగ్లండు రాజైన రెండో హెన్రీని పెళ్లాడింది. దాంతో బోర్డో ప్రాంతం ఇంగ్లండు రాజుల చేతికొచ్చింది. 1453 దాకా వాళ్ల దగ్గరే ఉంది. ఈ మూడు వందల ఏళ్లూ సారా ఓడలు ఆ దారిలో తిరుగుతూనే ఉన్నాయి.

సారాని పెద్ద చెక్క పీపాల్లో పోసి పంపేవాళ్లు. వాటిలో పెద్దదాని పేరు 'టన్'. పాత ఇంగ్లిషులో టున్నె, మధ్యయుగపు లాటిన్‌లో టున్నా. ఒక టన్‌లో 252 గ్యాలన్లు పట్టేది, అంటే మన లెక్కలో సుమారు 954 లీటర్లు. దానిలో సగం పట్టే పీపాని 'పైప్' అనేవాళ్లు. పోర్చుగీసులో అది 'పీపా'. మనం వాడే పీపా అన్న మాట ఆ పోర్చుగీసు వ్యాపారులతో వచ్చిందే.

ఓడ ఎంత పెద్దదని అడిగితే వర్తకులకి అడుగుల్లో జవాబు అక్కర్లేదు, ఎన్ని పీపాలు పడతాయో చెబితే చాలు. 'ఇది వంద టన్‌ల ఓడ' అంటే వంద పీపాలు పట్టే ఓడ. అలా పీపా పేరు ఓడ సైజుకి కొలత అయింది.

చిక్కు కూడా ఇక్కడే మొదలైంది. నిండు పీపా ఒకటి ఓడ అడుగున ఇంత చోటు తీసుకుంటుంది, ఇంత బరువు కూడా తూగుతుంది. ఆ బరువు సుమారు 2,240 పౌండ్లు. ఒకే వస్తువులో చోటూ బరువూ రెండూ ఉన్నాయి కాబట్టి ఆ పేరు రెండు దారులు పట్టింది. చోటు దారిలో వెళ్లింది ఓడల టన్నేజ్ అయింది. బరువు దారిలో వెళ్లింది సరుకు తూచే టన్ను అయింది. తర్వాత ఇంగ్లిషులో పీపాకి ఒక స్పెల్లింగు, బరువుకి ఇంకో స్పెల్లింగు స్థిరపడ్డాయి గానీ, ఓడ దగ్గర మాత్రం రెండు అర్థాలూ కలిసే ఉండిపోయాయి.

తెలుగువాళ్లకి ఇది కొత్త సంగతేమీ కాదు. పుట్టి అంటే ఇరవై తూముల ధాన్యం కొలత. అదే మాటతో పొలం విస్తీర్ణాన్నీ చెప్పుకున్నాం, పుట్టెడు నేల అన్నాం. గింజల కొలత నేల కొలత అయినట్టే అక్కడ పీపా కొలత ఓడ కొలత అయింది.

పన్ను పడగానే కొలత మారింది

ఇంగ్లండులో దిగుమతయ్యే ప్రతి టన్ సారా మీద రాజుకి సుంకం కట్టాలి. మిగతా సరుకు మీద, విలువలో పౌండుకి ఇంత అని వేరే సుంకం. రెండిటినీ కలిపి 'టన్నేజ్ అండ్ పౌండేజ్' అనేవాళ్లు. పదిహేనో శతాబ్దం నుంచి కొత్త రాజు గద్దె ఎక్కినప్పుడు పార్లమెంటు ఈ సుంకాన్ని అతని జీవితకాలానికి మంజూరు చేయడం ఆనవాయితీ అయింది. 1625లో మొదటి చార్లెస్‌కి మాత్రం ఒక్క ఏడాదికే ఇవ్వడానికి పార్లమెంటు దిగువ సభ ఒప్పుకుంది. ఆయన అనుమతి లేకుండానే వసూలు చేశాడు. 1642లో అక్కడ అంతర్యుద్ధం రావడానికి ముందు రాజుకీ పార్లమెంటుకీ మధ్య పెరిగిన తగాదాల్లో ఈ సుంకం ఒకటి.

తర్వాత రేవు రుసుములు, లైట్‌హౌస్ రుసుములు ఓడ సైజుని బట్టి వేయడం పెరిగింది. సారా మోయని ఓడలో ఎన్ని పీపాలు పడతాయో ఎవరు లెక్కపెడతారు? అందుకే సూత్రం కావాల్సి వచ్చింది. 1773 నుంచి 1830ల దాకా బ్రిటన్‌లో చట్టబద్ధంగా వాడిన సూత్రం ఇది: ఓడ పొడవు నుంచి వెడల్పులో అయిదింట మూడొంతులు తీసేయాలి. వచ్చినదాన్ని వెడల్పుతో గుణించాలి. మళ్లీ వెడల్పులో సగంతో గుణించాలి. మొత్తాన్ని 94తో భాగించాలి.

ఇందులో లోతు లేదు. దాన్ని అసలు కొలిచేవాళ్లే కాదు. వెడల్పులో సగమే లోతు అని అనేసుకున్నారు. ఆ ఒక్క అంచనా ఏం చేసిందో అంకెల్లో చూద్దాం.

పొడవు 100 అడుగులు, వెడల్పు 25 అడుగులు ఉన్న ఓడ తీసుకుందాం. 100 నుంచి 15 పోతే 85. దాన్ని 25తో, తర్వాత 12.5తో గుణిస్తే 26,562. 94తో భాగిస్తే సుమారు 283 టన్నులు. ఓడ లోతు 12 అడుగులైనా, 18 అడుగులైనా అంతే. ఇప్పుడు వెడల్పు 20 అడుగులకి తగ్గిద్దాం. 100 నుంచి 12 పోతే 88. 20తో, 10తో గుణిస్తే 17,600. 94తో భాగిస్తే 187 టన్నులు. వెడల్పు అయిదో వంతు తగ్గింది, రుసుము మాత్రం మూడో వంతు తగ్గింది. పోయిన చోటుని లోతు పెంచి రాబట్టుకోవచ్చు, దానికి పైసా కట్టక్కర్లేదు.

ఓడల యజమానులు ఊరుకోలేదు. ఇరుకుగా, లోతుగా ఉండే వర్తక నౌకలు కట్టించారు. అలాంటి ఓడ సముద్రంలో నిలకడగా ఉండదు, గాలికి మందంగా నడుస్తుంది. పన్ను సూత్రం తప్పయితే ఓడ రూపమే చెడిపోతుంది. అందులో ప్రయాణించేది మనుషులు. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే. కొలత మామూలు అంకెలా కనిపిస్తుంది గానీ, దాని మీద డబ్బు ఆధారపడితే అది వస్తువునే మార్చేస్తుంది.

వంద ఘనపుటడుగులు ఒక టన్ను

1854లో బ్రిటన్ కొత్త పద్ధతి తెచ్చింది. జార్జ్ మూర్సమ్ అనే అధికారి రూపొందించింది కాబట్టి మూర్సమ్ పద్ధతి అంటారు. అంచనాలు వదిలేసి, ఓడ లోపలి చోటుని నిజంగా కొలవడం మొదలుపెట్టారు. ప్రతి వంద ఘనపుటడుగులు ఒక 'రిజిస్టర్ టన్ను', అంటే 2.83 ఘనపు మీటర్లు. వందే ఎందుకంటే, దేశంలోని ఓడల మొత్తం టన్నులు పాత లెక్కకి దగ్గరగానే ఉండాలి, రుసుములు ఒక్కసారిగా పెరగకూడదు, తగ్గకూడదు.

మూతపడి ఉన్న మొత్తం చోటుని గ్రాస్ అన్నారు. అందులోంచి ఇంజిన్ గది, సిబ్బంది గదులు లాంటివి తీసేస్తే మిగిలేది నెట్, అంటే డబ్బు సంపాదించే చోటు. టైటానిక్ 46,328 టన్నులని చదివినప్పుడు అది ఈ గ్రాస్ రిజిస్టర్ లెక్క. దాని బరువు వేరే ఉంది, 52 వేల టన్నులకి పైనే.

ఈ పద్ధతికీ సందులు దొరికాయి. పై డెక్ కింద ఉన్న చోటుకి శాశ్వతంగా మూయని ఒక తెరిపి వదిలితే, అది 'మూతపడిన' చోటు కాదన్న వాదనతో లెక్కలోంచి తప్పించుకోవచ్చు. దేశానికో రకంగా మినహాయింపులు పుట్టాయి. సూయజ్ కాలువ 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన సమావేశం నిర్ణయించిన సొంత లెక్క పెట్టుకుంది. పనామా కాలువది ఇంకో లెక్క. ఇప్పటికీ ఒకే ఓడకి అంతర్జాతీయ నెట్ టన్నేజ్ ఒకటి, సూయజ్‌ది ఒకటి, పనామాది ఒకటి ఉంటాయి.

1969 ఒప్పందం: యూనిట్ లేని టన్ను

దేశాలన్నిటికీ ఒకే కొలత ఉండాలని 1969 జూన్‌లో లండన్‌లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 1982 జులై 18న అమల్లోకి వచ్చింది. పాత ఓడలకి 1994 జులై దాకా గడువిచ్చారు. ఇప్పుడు 'జీటీ' అని కనిపించే గ్రాస్ టన్నేజ్ ఈ ఒప్పందానిదే.

లెక్క ఇలా ఉంటుంది. ఓడలో మూతపడిన చోటంతా ఘనపు మీటర్లలో కొలుస్తారు. దాన్ని ఒక గుణకంతో గుణిస్తారు. ఆ గుణకం 0.2కి, ఘనపరిమాణపు లాగరిథమ్‌లో 0.02 వంతు కలిపితే వస్తుంది. లాగరిథమ్ అంటే భయపడక్కర్లేదు, 10,000కి అది 4, లక్షకి 5.

లోపల 10,000 ఘనపు మీటర్లున్న ఓడకి గుణకం 0.28, జీటీ 2,800. లక్ష ఘనపు మీటర్లున్న ఓడకి గుణకం 0.30, జీటీ 30,000. వెనక్కి కూడా లెక్కేయొచ్చు: ఐకాన్ ఆఫ్ ది సీస్ జీటీ 2,48,663 అంటే దాని లోపల సుమారు 7.8 లక్షల ఘనపు మీటర్ల చోటుందని అర్థం. గదులు, హాళ్లు, హోటళ్లతో నిండిన ఓడకి చోటు లెక్కలో అంత పెద్ద అంకె రావడం సహజం. అందులో ఎక్కువ భాగం గాలే.

ఈ గుణకం వల్ల జీటీకి యూనిట్ అంటూ లేదు. ఘనపు మీటర్లూ కాదు, కిలోలూ కాదు, పాత రిజిస్టర్ టన్నులూ కాదు. అందుకే నియమాలు రాసేవాళ్లు '30,000 టన్నులు' అనకుండా 'జీటీ 30,000' అని రాస్తారు. టైటానిక్ పాత అంకెని నేటి ఓడల జీటీతో నేరుగా పోల్చడం కూడా సరికాదు. కొలిచిన పద్ధతులు వేరు.

జీటీ మీద చాలా ఆధారపడి ఉంటాయి: రేవు రుసుములు, సిబ్బంది సర్టిఫికెట్లు, ఏ భద్రతా నియమాలు వర్తిస్తాయి అన్నది. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే సరుకు ఓడలకి చాలా నియమాలు 500 దగ్గర మొదలవుతాయి. అందుకే సరిగ్గా 499 వచ్చేలా కట్టిన ఓడలుంటాయి. ఏదో ఒక నిబంధన పేరాగ్రాఫు దాటకుండా కట్టారు కాబట్టి వాటిని 'పేరాగ్రాఫ్ షిప్పులు' అంటారు.

ఈ కొలత న్యాయమైనదేనా అన్న చర్చ కూడా ఉంది. జీటీలో సిబ్బంది గదులు లెక్కలోకి వస్తాయి, డెక్ మీద పేర్చిన కంటైనర్లు రావు. కాబట్టి నావికులకి విశాలమైన గదులు కట్టే యజమాని ఎక్కువ రుసుము కట్టాలి. హల్ (ఓడ ఒళ్లు) చిన్నది చేసి, పెట్టెలన్నీ పైన పేర్చేవాడు తక్కువ కట్టాలి. ఇది నావికుల బతుకుకీ ఓడ భద్రతకీ చెరుపని విమర్శకులు అంటారు. ఈ అభ్యంతరం అంతర్జాతీయ సముద్రయాన సంస్థ దాకా వెళ్లింది. రెండో వైపు వాదనలోనూ బలముంది. జీటీ ఒక్కసారి కొలిస్తే, ఓడని మార్చి కట్టనంత కాలం అదే ఉంటుంది. ఏ ప్రయాణంలో పైన ఎన్ని పెట్టెలున్నాయో చూసి మార్చాల్సిన పని లేదు, దేశాల మధ్య తగాదా లేదు. మినహాయింపులు ఇస్తూ పోయిన పాత పద్ధతి ఎలా తయారైందో చూశాం కదా అని వాళ్లంటారు. సిబ్బంది గదుల విషయంలో మాత్రం నేను విమర్శకుల పక్షమే. నెలల తరబడి ఓడలోనే బతికే మనిషి నిద్రపోయే చోటుకి రుసుము భారం పడకూడదు.

డెడ్‌వెయిట్: ఎంత మోస్తుంది?

1948 మార్చి 14న విశాఖపట్నంలో నెహ్రూ 'జల ఉష' ఓడని నీళ్లలోకి వదిలారు. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి ఆధునిక ఓడ అది. దాన్ని 8,000 టన్నుల ఓడ అంటారు. అది డెడ్‌వెయిట్ లెక్క, ఓడ మోయగల బరువు.

ఇందులో ఒక మెలిక ఉంది. డెడ్‌వెయిట్ అంటే సరుకు ఒక్కటే కాదు. ఇంధనం, మంచినీళ్లు, తిండి సామాన్లు, ఓడ నిలకడ కోసం నింపే బ్యాలస్ట్ నీళ్లు, సిబ్బంది, వాళ్ల సామాను అన్నీ అందులోవే. ఖాళీ ఓడ బరువు 15,000 టన్నులు, ఇంతకంటే మునగకూడదని ఓడ పక్కన వేసిన గీత దాకా మునిగినప్పుడు మొత్తం బరువు 95,000 టన్నులు అనుకుందాం. డెడ్‌వెయిట్ 80,000. ఇంధనం, నీళ్లు, మిగతావి 3,000 టన్నులుంటే సరుకు 77,000 టన్నులకి మించదు. ఆ గీత ఋతువుని బట్టి, ఓడ తిరిగే సముద్రాన్ని బట్టి మారుతుంది. మామూలుగా చెప్పే డెడ్‌వెయిట్ వేసవి గీత దగ్గరిది.

బొగ్గు, ఇనుప ఖనిజం దించే రేవులు మాట్లాడేది ఈ భాషలోనే. గంగవరం రేవుకి 2 లక్షల డెడ్‌వెయిట్ టన్నుల ఓడలు రాగలవంటే, అంత బరువుతో మునిగిన ఓడకి సరిపడా నీటి లోతు అక్కడుందని అర్థం. ఆ ఓడ లోపల ఎంత చోటుందో డ్రెడ్జింగ్ చేసేవాళ్లకి, అంటే రేవు అడుగు తవ్వి లోతు చేసేవాళ్లకి అనవసరం.

బొగ్గు ఓడని కాటా మీద పెట్టలేం కాబట్టి సరుకు బరువుని నీళ్లతోనే తూస్తారు. దించకముందు, దించాక ఓడ ఎంత మునిగిందో పక్కన రాసిన అంకెలు చూసి లెక్కేస్తారు. దీన్ని డ్రాఫ్ట్ సర్వే అంటారు. 225 మీటర్ల పొడవు, 32 మీటర్ల వెడల్పు ఉన్న పనామాక్స్ ఓడ (పనామా కాలువ పాత లాకుల్లో పట్టే సైజు) ఒక్క సెంటీమీటరు మునగాలంటే 70 టన్నుల దగ్గర బరువు పడాలి. అలల మధ్య ఆ అంకె చదవడంలో రెండు సెంటీమీటర్లు తేడా వస్తే 140 టన్నుల బొగ్గు లెక్క తేడా వచ్చినట్టే. అందుకే ఆ సమయంలో కొన్నవాళ్ల మనిషికీ, అమ్మినవాళ్ల మనిషికీ అంత టెన్షన్.

డిస్‌ప్లేస్‌మెంట్: ఓడ అసలు బరువు

తేలే ఓడ తన బరువుకి సమానమైన నీటిని పక్కకి నెడుతుంది. ఆర్కిమెడిస్ చెప్పింది అదే. అలా నెట్టిన నీటి బరువే డిస్‌ప్లేస్‌మెంట్. యుద్ధనౌకలు సరుకు మోయవు, ప్రయాణికుల్ని ఎక్కించుకోవు కాబట్టి వాటిని ఈ లెక్కలోనే చెబుతారు. విక్రాంత్ 45 వేల టన్నులు ఇదే.

ఇందులోనూ నిండుగా ఉన్నప్పటి బరువా, కాదా అన్నది చూడాలి. 1922 వాషింగ్టన్ నౌకా ఒప్పందం పెద్ద యుద్ధనౌకలకి ఒక్కోదానికి 35,000 టన్నుల పరిమితి పెట్టింది. అయితే ఇంధనం, బాయిలర్ల కోసం నిల్వ ఉంచిన నీళ్లు లెక్కలోంచి తీసేసింది. దాన్ని 'స్టాండర్డ్' డిస్‌ప్లేస్‌మెంట్ అన్నారు. దూర సముద్రాలకి వెళ్లాల్సిన దేశాలు ఎక్కువ ఇంధనం పెట్టుకున్నందుకు నష్టపోకూడదన్నది ఉద్దేశం. ఫలితంగా ఒకే ఓడకి స్టాండర్డ్ అంకె ఒకటి, ఫుల్ లోడ్ అంకె ఒకటి ఉంటాయి, వేల టన్నుల తేడాతో.

మన ఆదాయపు పన్నులో టన్నేజ్

పీపాల నాటి సుంకానికి దూరపు చుట్టం లాంటిది ఇప్పుడు మన దేశంలోనూ ఉంది. 2004లో భారత ప్రభుత్వం 'టన్నేజ్ ట్యాక్స్' తెచ్చింది. షిప్పింగ్ కంపెనీ కోరుకుంటే, నిజంగా వచ్చిన లాభం మీద కాకుండా, ఓడల నెట్ టన్నేజ్ చూసి రోజుకి ఇంత ఆదాయమని అనుకుని, దాని మీద పన్ను కట్టొచ్చు.

2012లో సవరించిన రేట్లతో చూద్దాం. మొదటి 1,000 టన్నులకి వందకి 70 రూపాయలు. ఆ పైన 10,000 దాకా వందకి 53. ఆ పైన 25,000 దాకా వందకి 42. అది దాటితే 29. నెట్ టన్నేజ్ 20,000 ఉన్న ఓడకి మొదటి వెయ్యికి 700, తర్వాతి తొమ్మిది వేలకి 4,770, చివరి పదివేలకి 4,200. మొత్తం రోజుకి 9,670 రూపాయలు. ఏడాదంతా నడిస్తే 35,29,550. పన్ను పడేది ఈ మొత్తం మీదే. మంచి ఏడాదిలో కంపెనీకి ఇది చాలా లాభం. నష్టం వచ్చిన ఏడాది కూడా కట్టాల్సిందే. ఓడ అసలు బరువుకీ ఈ లెక్కకీ ఏ సంబంధమూ లేదు.

సరుకు మీద కిరాయి, చివరికి ఏసీ

విశాఖ రేవు ఏడాదికి 8 కోట్ల టన్నులకి పైగా సరుకు నడిపిందని వార్త వస్తే, అది 1,000 కిలోల మామూలు మెట్రిక్ టన్ను. పాత పుస్తకాల్లో మాత్రం జాగ్రత్తగా చూడాలి. బ్రిటిష్ లాంగ్ టన్ను 2,240 పౌండ్లు, అంటే 1,016 కిలోలు. అమెరికా షార్ట్ టన్ను 2,000 పౌండ్లు, 907 కిలోలు.

కిరాయి దగ్గర చోటూ బరువూ మళ్లీ కలుస్తాయి. కంటైనర్‌లో కొంత చోటు మాత్రమే అద్దెకి తీసుకునే ఎగుమతిదారుకి సాధారణంగా టన్నుకో, ఘనపు మీటరుకో, ఏది ఎక్కువైతే దానికి కిరాయి వేస్తారు. మీ సరుకు 4 టన్నులు తూగి 10 ఘనపు మీటర్లు ఆక్రమిస్తే పదికి కట్టాలి. 6 టన్నులు తూగి 3 ఘనపు మీటర్లే తీసుకుంటే ఆరుకి కట్టాలి. దీన్ని ఫ్రైట్ టన్ను అంటారు.

ఇళ్లలో వినిపించే 'టన్నున్నర ఏసీ'కి కూడా బరువుతో పని లేదు, అది చల్లదనం లెక్క. యంత్రాలు రాకముందు చల్లదనం అంటే మంచుగడ్డే. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి కలకత్తాకి ఓడలో మంచు తెచ్చారు. సుమారు 180 టన్నులు ఎక్కిస్తే 100 టన్నుల దాకా కరగకుండా చేరింది. మద్రాసులో అలాంటి మంచుని దాచిన ఐస్ హౌస్ భవనం ఇప్పటికీ ఉంది. తర్వాత యంత్రాలు వచ్చినప్పుడు వాటి శక్తిని మంచుతోనే పోల్చి చెప్పారు. ఒక షార్ట్ టన్ను మంచు 24 గంటల్లో కరిగితే ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని తీసేసే యంత్రం ఒక టన్ను యంత్రం. అంకెల్లో గంటకి 12,000 బీటీయూ (వేడిని కొలిచే బ్రిటిష్ యూనిట్), లేదా సుమారు 3.5 కిలోవాట్లు. టన్నున్నర ఏసీ గదిలోంచి తీసేసే వేడి సుమారు 5.3 కిలోవాట్లు. అది వాడే కరెంటు దీనికంటే చాలా తక్కువ, అందుకే బిల్లు లెక్క కోసం ఏసీ మీద అంటించిన లేబుల్‌లో వేరే అంకె చూడాలి.